అందరికీ పింఛను: వాదించడం నేర్చుకుందాం – 4వ పాఠం: "ఉన్నోళ్లకి కూడా ఎందుకండీ?"

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? మీ వీధిలో అరవై దాటినవాళ్లలో ఎవరికి పింఛను వస్తోంది, ఎవరికి రావట్లేదు, ఎందుకు రావట్లేదు అని రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, దాంతో పనుంది.

సామాజిక భద్రత అందరికీ ఉండాలని టీకొట్టు దగ్గర అన్నా, గ్రామసభలో అన్నా మొదట వచ్చే ప్రశ్న ఇదే: "ఉన్నోళ్లకి కూడా ఎందుకండీ? పేదోళ్లకి ఇస్తే చాలదా?" అడిగినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. వాళ్ల ప్రశ్నలో న్యాయం ఉంది. మండిపడితే అక్కడితో మాట ఆగిపోతుంది.

"ఇది హక్కు" అని మొదలుపెట్టకండి. హక్కే, కానీ వాళ్లు అడిగింది డబ్బు గురించి. ఒక మనిషి సంగతితో మొదలుపెట్టండి. నేనైతే మా పెద్దమ్మ సంగతి చెబుతాను.

పెదనాన్న కట్టిన ఇల్లు ముగ్గురు కొడుకులు మూడు వాటాలు చేసుకున్నారు. కరెంటు మీటరు మాత్రం ఒకటే, అదీ పెద్దమ్మ పేరు మీదే. ఆంధ్రాలో పింఛనుకు పెట్టిన షరతుల్లో నెలకు 300 యూనిట్లు దాటకూడదనేది ఒకటి. మూడు కుటుంబాల వాడకం కలిసి ఆ గీత దాటింది, ఆమె పింఛను ఆగింది. బిల్లులన్నీ మందుల కవర్లో మడిచి పెట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగింది. "నా గదిలో ఒక బల్బు, ఒక ఫ్యానే కదరా" అని నాతో అంది. వాటాలకు వేరే మీటర్లు పెట్టించి పింఛను మళ్లీ వచ్చేసరికి ఆరు నెలలు పట్టింది. అన్నాళ్లూ బీపీ మాత్రను సగానికి విరిచి వేసుకుందని తర్వాతెప్పుడో తెలిసింది.

సంగతి చెప్పాక లెక్కలోకి రండి. ఒక ఊళ్లో వందమంది ముసలివాళ్లున్నారు అనుకుందాం. నిజంగా పేదవాళ్లు నలభైమంది. ఆఫీసు నలభై పేర్లే రాసింది, అందులో పది తప్పుగా పడ్డాయి. అంటే అవసరమున్న పదిమంది బయట ఉండిపోయారు. తప్పుగా పడ్డ పేరు మీద ఊరంతా మాట్లాడుతుంది. జాబితాలో లేని మనిషి గురించి మాట్లాడేవాళ్లు ఉండరు. మీ పని ఆ పదిమందిని ఎదుటివాళ్లకు చూపించడం. మీ కాగితం అందుకే.

ఇక్కడ ఒక జాగ్రత్త. వందమందికీ ఇస్తే ఖర్చు రెండున్నర రెట్లు అవుతుంది. ఆ మాట ఎదుటివాళ్లు పట్టుకునేలోపే మీరే చెప్పేయండి. దాచిపెట్టి దొరికిపోతే మిగతా మాటలు కూడా ఎవరూ నమ్మరు. చెప్పాక రెండు విషయాలు కలపండి. మిగతా అరవైమందిలో చాలామంది ఒక్క ఆస్పత్రి బిల్లు వస్తే పేదలైపోయేవాళ్లే. నిజంగా ఉన్నవాళ్ల దగ్గరనుంచి ఆదాయపు పన్నులో ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవచ్చు.

అయినా ఖజానా సరిపోదంటే? ఎవరికివ్వాలనే గీత పేదరికం దగ్గర గీయకండి, వయసు దగ్గర గీయండి అనండి. నేపాల్ చేసింది అదే. మనకంటే బీద దేశం. 1995లో మొదలుపెట్టినప్పుడు నెలకు 100 నేపాలీ రూపాయలే, అదీ 75 దాటినవాళ్లకే. కానీ నువ్వు పేదవా కాదా అని అడగలేదు. డబ్బు చూసుకుని మెల్లగా మొత్తం పెంచుకుంటూ, వయసు తగ్గించుకుంటూ వచ్చారు. 2021లో మొత్తం 4,000 అయింది, 2022లో వయసు 68కి దించారు. మారిషస్ అయితే 1958లోనే వృద్ధాప్య పింఛను అందరిదీ చేసింది. అప్పటికి దానికి స్వాతంత్ర్యం కూడా రాలేదు.

వయసు రుజువు కూడా అంత తేలికేం కాదు. ఆధార్‌లో జనవరి 1 పుట్టినరోజుగా పడ్డ ముసలివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అయినా భూమి, మీటరు, కారు, కొడుకు ఉద్యోగం అన్నీ ఆరా తీయడం కంటే ఒక్క పుట్టిన సంవత్సరం తేల్చడం నయం.

మన కేంద్ర ప్రభుత్వ వృద్ధాప్య పింఛను పథకం సంగతి కూడా తెలిసి ఉండాలి. 60 నుంచి 79 ఏళ్లవాళ్లకు కేంద్రం ఇచ్చే వాటా నెలకు 200 రూపాయలే, అదీ దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకే. ఆంధ్రాలో 2024 నుంచి చేతికందే 4,000లో దాదాపు అంతా రాష్ట్రం పెట్టుకునేదే. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చెప్పండి, వినేవాళ్లు తల ఎత్తి చూస్తారు.

ఈ వారం పని: మీ కాగితంలోంచి పింఛను రాని ఒక్కరిని ఎంచుకోండి. వాళ్లింటికి వెళ్లి, ఒప్పుకుంటేనే, ఏ షరతు దగ్గర ఆగిందో కాగితాలు చూసి తెలుసుకోండి. పేరు మార్చి ఆరు వాక్యాల్లో రాయండి. తర్వాత "ఉన్నోళ్లకి కూడా ఎందుకు" అని గట్టిగా అడిగే మనిషికి, మీ బావగారో మామయ్యో ఎవరో ఉంటారుగా, చదివి వినిపించండి. ఆయన ఎక్కడ అడ్డొచ్చారో ఆ వాక్యం కింద గీత పెట్టుకుని రండి. 5వ పాఠం అక్కడినుంచే.