పగలు ఉబుంటు, రాత్రి విండోస్

ఆఫీసు కోడింగంతా ఉబుంటులో (లినక్స్‌లో ఒక రకం), రాత్రిపూట వాలరెంట్ విండోస్‌లో. ఆ గేమ్ లినక్స్‌లో ఆడదు కాబట్టి నా ల్యాప్‌టాప్‌లో రెండూ ఉండాల్సిందే.

ల్యాప్‌టాప్‌లో రెండో ఎస్‌ఎస్‌డీకి (డేటా దాచే డిస్క్) స్లాట్ ఉంటే అదే కొనండి, సగం టెన్షన్ తగ్గుతుంది. నాకు లేదు. ముందు ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసుకుని, బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) రికవరీ కీని కాగితం మీద రాసుకున్నాను. తర్వాత విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి డ్రైవ్‌ను కుదించి 100 జీబీ ఖాళీ చేశాను. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. లేకపోతే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ అవదు, ఉబుంటు నుంచి ఆ డ్రైవ్‌లో ఏమీ రాయలేం.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్కంతా తుడిచేసే 'ఎరేజ్ డిస్క్' జోలికి మాత్రం పోకండి. మొదటిసారి నిద్రమత్తులో అదే నొక్కి, మా చెల్లి పెళ్లి ఫొటోలు పోగొట్టుకున్నాను. ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు. 'విండోస్ పక్కన' అనే ఆప్షన్ ఎంచుకోండి. సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ) తీసేయొద్దు, విండోస్ 11లో వాలరెంట్ దాన్ని అడుగుతుంది. ఉబుంటులో ఎన్‌విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ వేశాక రీస్టార్ట్‌లో నీలం తెర వస్తే కంగారుపడకండి. 'ఎన్‌రోల్ ఎంఓకే' నొక్కి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పెట్టిన పాస్‌వర్డ్ ఇవ్వండి.

ఇక గడియారం గోల. రాత్రి తొమ్మిదిన్నరకు విండోస్ తెరిస్తే సాయంత్రం నాలుగు చూపించింది. సరిగ్గా ఐదున్నర గంటల తేడా! ఉబుంటు మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తుంది, విండోస్ దాన్ని మన టైమే అనుకుంటుంది. ఉబుంటు టెర్మినల్‌లో 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1' అని ఇంగ్లిష్‌లో కొడితే సరిపోతుంది, ఉబుంటు కూడా అందులో మన టైమే రాస్తుంది.