గోడ స్విచ్ ఆపితే తలుపు సెన్సార్ మూగబోయేది

కొన్నాళ్లుగా రాత్రిపూట తలుపు తీసినా యాప్‌లో ‘మూసి ఉంది’ అనే కనిపించేది. పగలంతా బాగానే పనిచేసేది. తలుపు విషయం కదా, టెన్షన్‌తో నాకు నిద్ర పట్టేది కాదు. బ్యాటరీ మార్చాను, సెన్సార్‌ని మళ్లీ జత చేశాను. లాభం లేకపోయింది.

ఒక రాత్రి అమ్మ పడుకోబోతూ హాల్లో స్విచ్ టక్కున ఆపింది. వెంటనే వెళ్లి తలుపు తీసి చూశాను. యాప్‌లో కదలిక లేదు. స్విచ్ వేశాక కాసేపటికి వచ్చింది!

మా సెన్సార్లు, బల్బులు మాట్లాడుకునేది జిగ్‌బీ అనే వైర్‌లెస్ పద్ధతిలో. అందులో కరెంటుతో నడిచే పరికరాలే సిగ్నల్‌ని ఒకదాని నుంచి ఇంకోదానికి అందిస్తాయి. బ్యాటరీ సెన్సార్లు ఆ పని చేయవు. మా తలుపు సెన్సార్ హాల్లోని స్మార్ట్ బల్బు మీదే ఆధారపడింది. స్విచ్ ఆపితే బల్బుకి కరెంటే ఉండదు, దారి తెగిపోతుంది. అమ్మ తప్పేం లేదు, లైటు ఆపాలంటే ఎవరైనా స్విచ్చే నొక్కుతారు. ఇల్లే మనుషుల అలవాటుకి తగ్గట్టు ఉండాలి.

అందుకే ఆ బల్బు తీసేసి మామూలు ఎల్‌ఈడీ పెట్టించాను. స్విచ్ బోర్డు లోపల జిగ్‌బీ రిలే, అంటే సిగ్నల్‌తో లైటుని వేసి ఆపే చిన్న పరికరం, బిగించాడు ఎలక్ట్రీషియన్. న్యూట్రల్ వైరు ఉన్న రకమే తీసుకోండి, అది లేకుండా నడిచేవి సాధారణంగా సిగ్నల్‌ని ముందుకు పంపవు. ఇప్పుడు స్విచ్ ఎప్పటిలాగే నొక్కుకోవచ్చు, రిలేకి కరెంటు పోదు.

పనిలో పనిగా జిగ్‌బీ డాంగిల్‌ని (ఈ పరికరాలన్నిటినీ కంప్యూటర్‌కి కలిపే చిన్న యూఎస్‌బీ ముక్క) యూఎస్‌బీ 3.0 పోర్టు నుంచి తీసి, మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరంగా పెట్టాను. ఆ పోర్టుల రొద జిగ్‌బీ వాడే 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పడుతుంది. వైఫై 1వ ఛానెల్లో ఉంది, అది జిగ్‌బీ 11వ ఛానెల్‌కి అడ్డొస్తుంది కాబట్టి జిగ్‌బీని 11 నుంచి 25కి మార్చాను. రెండు పరికరాలను మాత్రం మళ్లీ జత చేయాల్సి వచ్చింది.

పడకగదిలో ఇంకో స్మార్ట్ బల్బు ఉంది. దానికీ రిలే తెప్పించాను, ఈ ఆదివారం బిగించాలి.