పాడి పశువుల అప్పుపై దావా దూరపు కోర్టులో పడితే: కోర్టు పరిధిపై అభ్యంతరం ఎలా చెప్పాలి?

పలమనేరు, కుప్పం, పుంగనూరు ప్రాంతాల్లో పాడి ఆవుల కోసం అప్పు తీసుకున్న కుటుంబాలకు బ్యాంకు శాఖ సాధారణంగా మండల కేంద్రంలోనే ఉంటుంది. కానీ వాయిదాలు తప్పాక వచ్చే సమన్లు కొన్నిసార్లు చెన్నై నుంచో బెంగళూరు నుంచో వస్తాయి. ఉదయం, సాయంత్రం పాలు పితికి కేంద్రానికి పోయవలసిన మనిషికి ప్రతి కోర్టు వాయిదాకూ రాష్ట్రం దాటి వెళ్లడం అసాధ్యం కనుక, చాలామంది ఆ కాగితాన్ని పక్కన పెట్టేస్తారు. ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన పని. దావా ఎక్కడ వేయాలో సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908లోని 15 నుంచి 25 వరకు ఉన్న సెక్షన్లు చెబుతాయి. తప్పు చోట వేసిన దావాను అడ్డుకునే హక్కు ప్రతివాదికి ఉంది. అయితే ఆ హక్కు మొదటి జవాబులోనే వాడుకోవలసినది, ఆలస్యమైతే చేజారిపోతుంది.

ముందుగా, వచ్చినది ఏ కాగితమో చూడండి

సివిల్ కోర్టు సమన్లయితే దానిపై ఓ.ఎస్. (ఒరిజినల్ సూట్, అంటే దావా) నంబరు, కోర్టు పేరు, హాజరు కావలసిన తేదీ ఉంటాయి. కాగితంపై 16 అక్షరాలు, అంకెలు గల సీఎన్ఆర్ నంబరు ఉంటే ఈ-కోర్ట్స్ సైటులో కేసు స్థితి చూసుకోవచ్చు.

అది చెక్కు బౌన్సు కేసయితే ఈ వ్యాసంలో చెప్పే నియమాలు వర్తించవు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం, ఖాతా ద్వారా వసూలుకు వేసిన చెక్కు విషయంలో, చెక్కు పుచ్చుకున్నవారి ఆ ఖాతా ఉన్న శాఖ పరిధిలోని కోర్టే విచారిస్తుంది. ఆర్బిట్రేటర్ (ఒప్పందం ప్రకారం కోర్టు బయట వివాదం తేల్చే మధ్యవర్తి) నుంచి నోటీసు వస్తే అక్కడి పరిధి అభ్యంతరాన్ని ఆర్బిట్రేషన్ చట్టం 16వ సెక్షన్ కింద, జవాబు దాఖలు చేసే సమయానికే, ఆ ఆర్బిట్రేటర్ ముందే లేవనెత్తాలి. మామూలు లోక్ అదాలత్ (శాశ్వత లోక్ అదాలత్ కాదు) నోటీసయితే భయపడనక్కర లేదు. అక్కడ మీరు ఒప్పుకోకుండా ఏదీ తేలదు.

గడువు లెక్క వేసుకోండి

మామూలు దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో రాతపూర్వక జవాబు దాఖలు చేయాలి. కారణాలు రాసి కోర్టు దీనిని 90 రోజుల వరకు పొడిగించవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 37 కింద వేసిన సమ్మరీ దావా, అంటే త్వరగా తేల్చే దావా అయితే హాజరుకు 10 రోజులే గడువు. అందుకే సమన్లు అందిన తేదీని కవరు మీదే రాసి, ఆ కవరును కూడా భద్రపరచండి.

దావా పత్రంలో రెండు పేరాలు, చివరి షెడ్యూలు చదవండి

సమన్లతో పాటు దావా పత్రం నకలు వస్తుంది. వ్యాజ్య కారణం, అంటే దావాకు దారితీసిన సంగతులు, ఎప్పుడు, ఎలా పుట్టిందో, ఆ కోర్టుకు పరిధి ఎలా ఉందో వాది అందులో తప్పనిసరిగా చెప్పాలని ఆర్డర్ 7, రూల్ 1 నిర్దేశిస్తుంది. అప్పు మొత్తం, వడ్డీ లెక్కల కంటే ముందు ఈ రెండు పేరాలను చదవడం మంచిది.

తర్వాత చివరనున్న షెడ్యూలు చూడండి. అందులో పశువుల వివరాలు, చెవి పోగు నంబర్లు మాత్రమే ఉంటే అది చరాస్తి హామీ, అంటే హైపోథికేషన్. పశువులు మీ కొట్టంలోనే ఉన్నా, వాటిపై బ్యాంకుకు హక్కు ఉంటుంది. భూమి సర్వే నంబర్లు కూడా ఉండి, ఆ భూమిని అమ్మించమని బ్యాంకు కోరుతుంటే సంగతి వేరు. స్థిరాస్తి తనఖా మీద వేసే దావా సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ సెక్షన్ ప్రకారం ఆ భూమి ఉన్న చోటి కోర్టులోనే పడాలి. పుంగనూరు మండలంలోని చేను అమ్మించమంటూ చెన్నైలో వేసిన దావా ఈ ఒక్క కారణంతోనే అక్కడ నిలవడం కష్టం. వ్యవసాయానికి, పాడి వంటి అనుబంధ రంగాలకు 2 లక్షల రూపాయల వరకు అదనపు తనఖా లేకుండా అప్పు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు ఆ పరిమితి 1.60 లక్షలు. చిన్న అప్పుకు భూమి కాగితాలు ఎందుకు తీసుకున్నారో అడిగే హక్కు మీకుంది.

20వ సెక్షన్ పరీక్ష పెట్టండి

పశువుల హామీ మాత్రమే ఉన్న డబ్బు వసూలు దావాకు 20వ సెక్షనే ఆధారం. అది మూడు చోట్లను అనుమతిస్తుంది. మొదటిది, ప్రతివాదులందరూ నివసించే లేదా వృత్తి వ్యాపారాలు చేసుకునే చోటు. రెండవది, ప్రతివాదులు వేర్వేరు చోట్ల ఉంటే వారిలో ఒకరు ఉండే చోటు. మూడవది, వ్యాజ్య కారణం పూర్తిగా గానీ కొంత భాగం గానీ పుట్టిన చోటు.

ఇందులో వాది ప్రధాన కార్యాలయం ఉన్న చోటు లేదన్నది గమనించండి. సంస్థలు ప్రధాన కార్యాలయంలో వ్యాపారం చేస్తున్నట్టు భావించాలనే వివరణ ఆ సెక్షన్ కింద ఉన్నా, అది సంస్థ ప్రతివాదిగా ఉన్నప్పటి మాట. చిత్తూరు కేంద్రంగా ఉండిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. అంతమాత్రాన పాత అప్పుల మీద దావా వేసే చోటు మారిపోదు.

అసలు పోరాటం మూడవ చోటు దగ్గరే జరుగుతుంది. ‘మంజూరు మా చెన్నై కార్యాలయంలో జరిగింది, కాబట్టి వ్యాజ్య కారణంలో కొంత భాగం ఇక్కడ పుట్టింది’ అని అప్పు ఇచ్చిన సంస్థ అనవచ్చు. ఈ వాదనను తేలికగా తీసుకోకూడదు. ఒప్పందం కుదిరిన చోటు, డబ్బు చేరిన చోటు, తిరిగి చెల్లించవలసిన చోటు అన్నీ వ్యాజ్య కారణంలో భాగాలే. సంతకాలు ఎక్కడ పెట్టారో, డబ్బు ఏ శాఖ ఖాతాలో పడిందో, వాయిదాలు ఎక్కడ కట్టారో, పాల డెయిరీ మీ బిల్లులో కోత కోసి ఏ శాఖకు పంపిందో, క్షేత్రాధికారి పశువులను ఏ ఊళ్లో చూశారో, ఒక్కొక్కదానికీ కాగితం వెతకండి. పాస్‌బుక్కు, డెయిరీ చెల్లింపు చీటీలు, పశువైద్యుడి ధ్రువపత్రం, బీమా పాలసీ అన్నీ పనికొస్తాయి. ఇవన్నీ పలమనేరునే చూపుతూ, చెన్నైలో జరిగినది సంస్థ లోపలి ఫైలు ఆమోదం మాత్రమే అయితే మీ అభ్యంతరానికి బలం ఉంటుంది.

రెండవ చోటులో ఒక చిక్కు ఉంది. మీ అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తూ మీ అప్పుకు జామీను సంతకం పెట్టాడనుకుందాం. అతడిని కూడా ప్రతివాదిగా చేర్చి బ్యాంకు బెంగళూరులో దావా వేయవచ్చు. అయితే దానికి కోర్టు అనుమతి ఉండాలి, లేదా అక్కడ నివసించని ప్రతివాదులు అభ్యంతరం చెప్పకుండా ఊరుకుని ఉండాలి. అనుమతి తీసుకున్నారో లేదో చూడండి. మీ మౌనాన్ని అంగీకారంగానే లెక్కిస్తారు.

ఒప్పందంలోని కోర్టు నిబంధన చదవండి

‘వివాదాలు చెన్నై కోర్టుల పరిధికే లోబడి ఉంటాయి’ అనే వాక్యం అచ్చు ఫారాల్లో చాలా చోట్ల ఉంటుంది. హకం సింగ్ వర్సెస్ గామన్ ఇండియా కేసులో 1971లో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇప్పటికీ దిక్సూచి. చట్టప్రకారం రెండు కోర్టులకు పరిధి ఉంటే పార్టీలు ఒకదాన్ని ఎంచుకోవచ్చు. కానీ పరిధే లేని కోర్టుకు ఒప్పందం ద్వారా పరిధి కల్పించలేరు. స్వస్తిక్ గ్యాసెస్ వర్సెస్ ఇండియన్ ఆయిల్ కేసులో 2013లో వచ్చిన తీర్పు ప్రకారం, ఒక ఊరి కోర్టును పేర్కొన్న నిబంధనలో ‘మాత్రమే’ అనే పదం లేకపోయినా ఇతర కోర్టులను మినహాయించినట్టే భావించవచ్చు. అందువల్ల చెన్నైలో వ్యాజ్య కారణం ఏదో కొంత నిజంగా పుట్టి ఉంటే ఈ నిబంధన మీకు అడ్డు వస్తుంది. ఏమీ పుట్టకపోతే నిబంధన ఒక్కటే వారిని నిలబెట్టదు.

మన దగ్గర సరైన కోర్టు ఏదో తేల్చుకోండి

అభ్యంతరం చెప్పేటప్పుడు ఏ కోర్టుకు పరిధి ఉందో కూడా పేర్కొంటే బాగుంటుంది. ఇక్కడ చాలామంది తికమక పడతారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి మండలాలు అటూ ఇటూ మారాయి. రెవెన్యూ జిల్లా మారినంత మాత్రాన సివిల్ కోర్టు పరిధి దానంతట అదే మారదు. గూడూరు, సూళ్లూరుపేట వైపు వారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఆ ప్రాంతాలు అంతకు ముందు నెల్లూరు జిల్లాలోవి. దావా మొత్తాన్ని బట్టి జూనియర్ సివిల్ జడ్జి కోర్టా, సీనియర్ సివిల్ జడ్జి కోర్టా అన్నదీ తేలాలి. దగ్గరి కోర్టు కార్యాలయంలో మీ ఊరి పేరు చెప్పి అడిగితే తెలుస్తుంది.

అభ్యంతరాన్ని రాసి దాఖలు చేయండి

21వ సెక్షన్ మాటలు కఠినమైనవి. దావా స్థలంపై అభ్యంతరాన్ని మొదటి కోర్టులో, వీలైనంత తొలి అవకాశంలో, ఎట్టి పరిస్థితుల్లోనూ విచారణాంశాలు (కోర్టు తేల్చవలసిన ప్రశ్నలు) ఖరారయ్యేలోపు చెప్పి ఉండాలి. అలా చెప్పి ఉన్నా, అప్పీలులో అది నిలవాలంటే తప్పు చోట విచారణ వల్ల న్యాయానికి భంగం కలిగిందని కూడా చూపాలి. అందుకే రాతపూర్వక జవాబులో మొదటి పేరాల్లోనే ఇలా రాయించండి:

‘ఈ అప్పు ఒప్పందంపై సంతకాలు, అప్పు చెల్లింపు, వాయిదాల జమ అన్నీ చిత్తూరు జిల్లా, పలమనేరులోని వాది శాఖలోనే జరిగాయి. ప్రతివాది పలమనేరు మండల నివాసి. ఈ గౌరవ కోర్టు పరిధిలో వ్యాజ్య కారణం ఏ భాగమూ పుట్టలేదు. కనుక దావా పత్రాన్ని సరైన కోర్టులో దాఖలు చేసేందుకు తిరిగి ఇవ్వవలసిందిగా ప్రార్థన.’

దీనితో పాటు ఆర్డర్ 7, రూల్ 10 కింద అఫిడవిట్‌తో విడి దరఖాస్తు వేసి, పరిధి అంశాన్ని ఆర్డర్ 14, రూల్ 2 కింద ముందుగా తేల్చమని కోరండి. అయితే పరిధి మీదే ఆధారపడి మిగతా జవాబు మానేయవద్దు. కట్టిన వాయిదాలు లెక్కలోకి రాలేదన్నా, చనిపోయిన ఆవుకు బీమా సొమ్ము బ్యాంకు జమ చేసుకుని చూపలేదన్నా, ఆ సంగతులన్నీ అదే జవాబులో ఉండాలి. ఒకవేళ అభ్యంతరం వీగిపోతే అవే మిమ్మల్ని కాపాడతాయి.

స్త్రీలకు, షెడ్యూల్డ్ కులాల, తెగల వారికి, దివ్యాంగులకు, ఆదాయ పరిమితిలోపు ఉన్నవారికి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987 కింద ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. చిత్తూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. పాడి అప్పుల్లో చాలా భాగం మహిళల పేరు మీదే ఉంటాయి కనుక ఈ సదుపాయం ఎంతో విలువైనది.

రెండు కోర్టులకూ పరిధి ఉంటే బదిలీ కోరండి

చెన్నై కోర్టుకు నిజంగానే పరిధి ఉందని తేలితే అభ్యంతరానికి బదులు బదిలీ మార్గం ఉంది. చిత్తూరు జిల్లా న్యాయస్థానం కింది కోర్టుల మధ్య మార్పును 24వ సెక్షన్ కింద ఆ న్యాయస్థానమే చేయగలదు. రాష్ట్రం దాటాలంటే 25వ సెక్షన్ కింద సుప్రీంకోర్టుకే వెళ్లాలి. దుర్గేశ్ శర్మ వర్సెస్ జయశ్రీ కేసులో 2008లో ఈ విషయం స్థిరపడింది. చిన్న అప్పుకు అంత ఖర్చు పెట్టడం నా దృష్టిలో తగదు. అక్కడి కోర్టును వీడియో ద్వారా హాజరుకు అనుమతి కోరడమో, బ్యాంకుతో రాజీకి కూర్చోవడమో మేలు.

ఏకపక్ష డిక్రీ వచ్చేసి ఉంటే

మీరు హాజరు కాలేదని మీ వాదన వినకుండానే కోర్టు తీర్పు ఇచ్చేసి ఉంటే, తెలిసిన వెంటనే ఆర్డర్ 9, రూల్ 13 కింద ఆ డిక్రీని రద్దు చేయమని అదే కోర్టులో దరఖాస్తు పెట్టాలి. డిక్రీ తేదీ నుంచి 30 రోజులు గడువు. సమన్లు సరిగా అందకపోయి ఉంటే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. ఊరుకుంటే ఆ డిక్రీ అమలుకు మీ దగ్గరి కోర్టుకే బదిలీ అయి వస్తుంది. అప్పుడు ‘ఆ కోర్టుకు స్థల పరిధి లేదు’ అనే మాటను అమలు కోర్టు వినదు.

పశువులను తోలుకుపోతే

కోర్టు ఉత్తర్వు లేకుండా వసూలు మనుషులు కొట్టంలోంచి ఆవులను తోలుకుపోతే, ఇప్పుడు వాది మీరే. చరాస్తికి జరిగిన అన్యాయంపై నష్టపరిహారం కోసం 19వ సెక్షన్ కింద, ఆ సంఘటన జరిగిన ఊరి కోర్టులోనే దావా వేయవచ్చు. సంస్థ కార్యాలయం ఏ నగరంలో ఉన్నా అది అడ్డు కాదు. బీమా సొమ్ము విషయంలో ఫిర్యాదు ఉంటే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే దాఖలు చేయవచ్చు.

అభ్యంతరం నెగ్గిన తర్వాత

కోర్టు దావాను కొట్టివేయదు, దావా పత్రాన్ని బ్యాంకుకు తిరిగి ఇస్తుంది. తప్పు కోర్టులో సద్భావంతో, శ్రద్ధగా గడిపిన కాలాన్ని లిమిటేషన్ చట్టం 14వ సెక్షన్ కింద మినహాయించుకునే వీలు బ్యాంకుకు ఉంది. కాబట్టి అప్పు కాలం చెల్లిపోయిందని ఊరట చెందకండి. పలమనేరులో దాఖలయ్యాక విచారణ మళ్లీ మొదటి నుంచి జరుగుతుంది. అయితే ఆర్డర్ 7, రూల్ 10-ఎ కింద పాత కోర్టే కొత్త కోర్టులో హాజరు తేదీని నిర్ణయించి ఉంటే, మీకు సాధారణంగా మళ్లీ సమన్లు రావు. తిరిగి ఇచ్చిన ఉత్తర్వు నకలు తీసుకుని, అందులో ఆ తేదీ ఉందో లేదో అదే రోజు మీ న్యాయవాదితో చూపించుకోండి.