చిన్నపిల్లలతో హాలెండ్ హాలిడే పార్కుకు: అనంతపురం నుంచి బయలుదేరేవాళ్ళ కోసం

పిల్లలు ఆరేళ్ళ లోపు వాళ్ళయితే, పది రోజుల్లో ఏడు దేశాలు చూపిస్తామనే ప్యాకేజీల జోలికి పోవద్దండీ. రోజుకో హోటలు, గంటల తరబడి బస్సు, తెల్లారకముందే పసిబిడ్డను నిద్ర లేపడం. ఆ డబ్బుతోనే ఒకే దేశంలో, ఒకే చోట, వంటగది ఉన్న చిన్న ఇంట్లో నాలుగు రాత్రులు ఉండి రావచ్చు. మా చెల్లెలు హాలెండ్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఉంటుంది. మా ఇద్దరు పిల్లలనూ, మా అత్తనూ తీసుకుని పోయినప్పుడు మేము ఎంచుకున్నది ఇదే. "పిల్లోళ్ళు ఆడుకునేకి ఇంత చోటుంటే సాలు, ఊర్లన్నీ తిరిగేదేంటికి" అని మా అత్త ముందే అనింది. ఆమె మాటే నిజమైంది.

హాలిడే పార్కంటే అడవి మధ్యలో వందల కొద్దీ చిన్న ఇళ్ళు. ప్రతి ఇంటికీ వంటగది, వెనకాల గడ్డి, బల్ల, కుర్చీలు ఉంటాయి. మధ్యలో పైకప్పుతో పెద్ద ఈతకొలను, ఆటస్థలాలు, ఒక దుకాణం. చాలా పార్కుల్లో కార్లు సామాను దించేసి బయటికి పోవాలి. లోపలంతా నడకే, లేదా సైకిలే. కాబట్టి తలుపు తీసి పిల్లల్ని వదిలినా గుండె గుభేల్మనదు. 1968లో పీట్ డెర్క్‌సెన్ అనే క్రీడాసామాను వ్యాపారి లింబర్గ్ ప్రాంతంలో మొదలుపెట్టిన పార్కే తర్వాత సెంటర్ పార్క్స్ అయింది. ఐండ్‌హోవెన్ దిక్కున పోయేవాళ్ళకు అదే సంస్థ నడిపే కెంపర్‌వెన్నెన్ దగ్గర. ఐండ్‌హోవెన్ ఉన్న బ్రాబంట్ ప్రాంతంలోనే ఎఫ్టెలింగ్ అనే వినోద పార్కు ఉంది, సఫారీ జంతువుల పక్కనే బస చేసే బేక్సె బెర్గన్ ఉంది. మూడింట్లో ఒకటి పట్టుకోండి. మూడూ చూడాలని ఆశపడొద్దు.

తేదీల దగ్గరే సగం డబ్బు మిగులుతుంది. మన ఆంధ్రాలో బడులు ఏప్రిల్ చివర మూసి జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. డచ్చి బడులకు వసంతకాలపు సెలవులు మే మొదటి వారంతో దాదాపు అయిపోతాయి, ఎండాకాలం సెలవులు మళ్ళీ జూలైలోనే. అంటే మే నడిమి నుంచి జూన్ మొదటి వారం దాకా మన పిల్లలకు సెలవు, వాళ్ళ పిల్లలకు బడి. అప్పుడు ఇంటి అద్దె తక్కువ, ఈతకొలనులో తోపులాట ఉండదు. అందులోనూ సోమవారం చేరి శుక్రవారం ఖాళీ చేసేది తీసుకోండి. నాలుగు రాత్రులైనా సరే, శుక్రవారం నుంచి సోమవారం దాకా ఉండే మూడు రాత్రుల కంటే చాలాసార్లు అదే చవక. ఒకటి మాత్రం చూసుకోండి: ఈస్టర్ తర్వాత వచ్చే ఆరోహణ గురువారం, పెంతెకొస్తు మరుసటి సోమవారం అక్కడ సెలవులు. ఆ వారాల్లో ధర అమాంతం పైకి పోతుంది.

ఇక కాగితాలు. పసిబిడ్డకైనా పాస్‌పోర్టు వేరేగా ఉండాల్సిందే. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళే చెల్లుతుంది, కాబట్టి ఎప్పుడో తీసినది బీరువాలో ఉంటే ముందు తేదీ చూడండి. తిరుగు ప్రయాణం తర్వాత ఇంకా మూడు నెలలైనా గడువు లేకపోతే షెంగెన్ వీసా (హాలెండ్‌తో సహా చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడిగా ఉండే వీసా) ఇవ్వరు. నాలుగేళ్ళ లోపు బిడ్డకు పాస్‌పోర్టు తీసేటప్పుడు తెల్ల బ్యాక్‌గ్రౌండుతో ఫొటో మనమే తీయించుకుని పోవాలి. మన దిక్కున ఎక్కువగా తగిలే చిక్కు ఇంటిపేరుది. జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా రాయాలి. తల్లిదండ్రుల పాస్‌పోర్టుల్లో ఏ స్పెల్లింగు ఉందో బిడ్డకూ అదే రావాలి. ధ్రువపత్రం తెలుగులో మాత్రమే ఉంటే మున్సిపాలిటీలో ఇంగ్లీషు కూడా ఉన్న ప్రతి తీసుకోండి.

వీసాకు ఆరు నెలల ముందు నుంచే అర్జీ పెట్టుకోవచ్చు. నియమం ప్రకారం పదిహేను రోజుల్లో తేల్చాలి గానీ, నలభై ఐదు రోజుల దాకా సాగే వీలుంది. మార్చి దాటనివ్వకండి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకు 90 యూరోలు, ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు 45, ఆరేళ్ళ లోపు వాళ్ళకు ఫీజు లేదు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. పన్నెండేళ్ళ లోపు పిల్లలకు వేలిముద్రలు అడగరు.

విమానం మనకు బెంగళూరు నుంచే అనువు. అనంతపురం నుంచి పెనుకొండ, కొడికొండ, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మీదుగా 44వ నంబరు జాతీయ రహదారిలో పోతే దేవనహళ్ళి విమానాశ్రయం బెంగళూరు ఊరు రాకముందే వస్తుంది. ట్రాఫిక్కులో ఇరుక్కునే పని లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌కు నేరుగా పోయేది దొరికితే కాస్త ఎక్కువైనా అదే కొనండి. నడిరాత్రి గల్ఫ్‌లో దిగి ఇంకో విమానం ఎక్కడమంటే చంటిబిడ్డకూ నరకమే, తల్లికీ నరకమే. యూరప్ విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి దాటాక బయలుదేరతాయి. టికెట్టు మీద 20వ తేదీ రాత్రి రెండున్నర అని ఉంటే, ఇంట్లోంచి 19 సాయంత్రమే కదలాలి. ఈ లెక్క ఇంట్లో అందరికీ ఒకసారి గట్టిగా చెప్పి పెట్టండి. విమానం దిగేటప్పుడు చంటిబిడ్డకు పాలు పట్టండి, పెద్దవాడికి నములుకోవడానికి ఏదైనా ఇవ్వండి. మింగుతూ ఉంటే చెవులు అంతగా నొప్పి పెట్టవు.

తిండి సంగతి కాస్త వివరంగా చెప్తాను. అన్నిటికంటే భయపడేది దీనికే, అన్నిటికంటే తేలిగ్గా అయిపోయేదీ ఇదే.

బయటి దేశాల నుంచి పాలతో చేసినవి, మాంసం ఐరోపా సమాఖ్యలోకి తీసుకుపోకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, పాలు కలిసిన స్వీట్లు, నెయ్యి వేసిన ఓళిగలు ఏవీ వద్దు. చంటిపిల్లల పాలపొడి మాత్రం సీలు తియ్యని డబ్బాలో రెండు కిలోల దాకా పోనిస్తారు. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు కూడా సర్టిఫికెట్టు లేకుండా పట్టుకుపోరాదు. ఎంత బతిమాలినా తీసి పారేస్తారు. కరివేపాకు ముందే నీడన ఆరబెట్టి పొడి కొట్టుకోండి.

తీసుకుపోవలసినవి కొన్నే: రాగిపిండి, కందిపప్పు, పుట్నాల పొడి, శెనక్కాయల పొడి, పసుపు, కారం, ఇంగువ, చింతపండు, ఒక సంచి నిండా బొరుగులు. బొరుగులు చోటు తింటాయే గానీ బరువు తూగవు. పార్కు ఇంట్లో మా పొద్దుటి తిండి ఉగ్గానే. బొరుగులు నీళ్ళల్లో ముంచి వెంటనే పిండెయ్యాలి, అక్కడి బొరుగులైనా మనవైనా ఎక్కువ నానితే ముద్దవుతాయి. ఉల్లిపాయ సన్నగా తరిగి నూనెలో మగ్గించి, పసుపు, ఉప్పు వేసి, పిండిన బొరుగులు కలిపి, దించే ముందు పుట్నాల పొడి చల్లితే అయిపోతుంది. పిల్లలకు మిరపకాయ లేకుండా ముందు తీసేసి, తర్వాత పెద్దలకు పచ్చిమిరపకాయ తిరగబాత వేసుకోండి. పొయ్యి అంటించిన పది నిమిషాలకు పిల్లలు తిని బయట గడ్డి మీద ఉంటారు.

నెయ్యి అక్కడే కాచుకోవచ్చు. సూపర్‌మార్కెట్లో 250 గ్రాముల వెన్న దొరుకుతుంది, దాని పేరు రోమ్‌బోటర్, ఉప్పులేనిది చూసి తీసుకోండి. తక్కువ వేడి మీద పెట్టి, నురుగు తగ్గి అడుగున గోధుమరంగు మడ్డి కనబడగానే దించి వడకట్టండి. సంగటి మీద మన ఇంటి నెయ్యిలాగే కరుగుతుంది. పెరుగుకు 'ఫొల్లె యోగర్ట్' అని రాసిన లీటరు డబ్బా, మజ్జిగకు 'కర్నమెల్క్' డబ్బా కొనండి. రెండింట్లోనూ చక్కెర వేయరు. పొయ్యి చాలా ఇళ్ళలో ఇండక్షను గానీ గాజు పొయ్యి గానీ ఉంటుంది, అల్యూమినియం గిన్నెలు ఇండక్షను మీద పనిచేయవు. ఇండక్షను అడుగు ఉన్న రెండు లీటర్ల చిన్న కుక్కరు ఒకటి పెట్టెలో సర్దుకోండి. తిరగబాత పెట్టే ముందు పైనున్న పొగ ఫ్యాను వేసి, వాకిలి తెరవండి. లేకపోతే పొగ అలారం మోగి పిల్లలు అదిరిపడతారు.

ఇంకో మాట. శెనక్కాయ మనకు కన్నతల్లి లాంటిది గానీ, అక్కడి పిల్లల్లో కొందరికి అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆటస్థలంలో పక్క బిడ్డకు ప్రేమగా చిక్కీ ఇచ్చేముందు వాళ్ళ అమ్మనో నాన్ననో అడిగి తీరాలి.

మేలో మన దగ్గర నలభై డిగ్రీలు, అక్కడ పగలు పదిహేను, ఇరవై మధ్య. రాత్రి ఇంకా తగ్గుతుంది, వాన ఎప్పుడైనా పడుతుంది. ఎండాకాలంలో అనంతపురం అంగళ్ళలో స్వెటర్లు అడిగితే దొరకవు. చలికాలంలోనే కొనిపెట్టుకోండి, లేదా వానకోట్లు, రబ్బరు బూట్లు అక్కడే జీమన్ లాంటి చవక బట్టల దుకాణంలో తీసుకోండి. బూట్లు మాత్రం తప్పక ఉండాలి. వాన వెలిసిన తర్వాత గుంతల్లో నీళ్ళు నిలుస్తాయి, అందులో ఎగరడం కంటే మా పెద్దోడికి ఇంకో ఆట అక్కర్లేకపోయింది. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా కష్టమైన జిల్లా పిల్లోడు వాడు, మరి.

ఆ కారణం చేతనే ఈతకొలను దగ్గర మనవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. డచ్చి పిల్లలు చిన్నప్పుడే ఈత పరీక్షలు పాసవుతారు, ఒంటిమీది బట్టలతో ఈదడం కూడా అందులో ఒక భాగం. మన పిల్లలకు లోతు నీళ్ళే కొత్త. చేతులకు గాలి పట్టీలు కట్టి, ఒక్కో బిడ్డకు ఒక్కో పెద్దమనిషి, చేయి చాపితే అందేంత దూరంలో ఉండాలి. కృత్రిమ అలలు వచ్చే కొలను ఉంటుంది. అలలు లేచేముందు గంట కొడతారు, గంట వినగానే చిన్నవాళ్ళను మోకాలి లోతు కొలనుకు తీసుకొచ్చేయండి. నూలు చొక్కాలు, పంజాబీ డ్రెస్సులతో నీళ్ళలోకి దిగనివ్వరు. ఒళ్ళంతా కప్పే ఈత దుస్తులు ముందే కొనుక్కుంటే మనకు మొహమాటం ఉండదు. డైపరు వయసు బిడ్డకు ఈత డైపరు కావాలి, మామూలుది నీళ్ళు పీల్చి ఉబ్బిపోతుంది.

నిద్ర సంగతి ముందే ఆలోచించండి. వేసవిలో అక్కడి గడియారం మన కంటే మూడున్నర గంటలు వెనక. ఇక్కడ తొమ్మిదికి పడుకునే బిడ్డకు అక్కడ సాయంత్రం ఐదున్నరకే కళ్ళు మూసుకుపోతాయి. జూన్ మొదట్లో పొద్దు గుంకేది రాత్రి పదింటికి. అందుకే దిగిన వెంటనే పార్కుకు పోకుండా, బంధువుల ఇల్లుంటే రెండు మూడు రోజులు అక్కడ అలవాటు పడనివ్వండి. కిటికీకి కట్టడానికి ముదురు రంగు దుప్పటి, నాలుగు బట్టల క్లిప్పులు పెట్టుకోండి. ఇంత చేసినా మొదటి పొద్దులు తొందరగానే తెల్లారతాయి. మా చిన్నది నాలుగున్నరకు లేచి కూర్చునేది. వెనక గాజు తలుపు దగ్గరికి బాతులు వచ్చి ముక్కుతో టకటక కొట్టేవి. అది ఇవతల నేల మీద బోర్లా పడుకుని, అదే చోట గాజు మీద వేలితో కొట్టేది. బాతు ఆగితే తను కొట్టేది, తను ఆగితే బాతు. నేను పక్కన కాఫీ పెట్టుకుని కూర్చునేదాన్ని. బాతులకు బ్రెడ్డు వేయనివ్వకండి, వాటికి మంచిది కాదు.

అడవి దారుల్లో తిరిగొచ్చాక రోజూ సాయంత్రం స్నానానికి ముందు పిల్లల ఒళ్ళంతా వెతకండి: మోకాలి వెనక, చంకల్లో, చెవుల వెనక, జుట్టు మొదళ్ళలో. అక్కడి గడ్డిలో ఆవగింజంత పిడుదులు ఉంటాయి, వాటి వల్ల లైమ్ అనే జబ్బు రావచ్చు. పట్టుకుని ఉంటే నూనె రాయడం, కాల్చడం చేయకుండా, చర్మానికి ఆనించి పట్టకారుతో పీకేసి తేదీ రాసిపెట్టుకోండి. ఆ చోట ఎర్రటి చక్రం పాకినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించాలి. జ్వరం సిరప్పు, ఓఆర్‌ఎస్ పొట్లాలు మన డాక్టరు చీటీతో సహా పట్టుకుపోండి, అక్కడ మందుల షాపులో యాంటీబయోటిక్ అడిగితే ఇవ్వరు. ప్రాణాపాయమైతే 112. కారు అద్దెకు తీసుకుంటే 135 సెంటీమీటర్ల ఎత్తు లోపు పిల్లలకు పిల్లల సీటు చట్టప్రకారం ఉండాలి. ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం కుదరదు.

ఎఫ్టెలింగ్ ఎంచుకుంటే వాళ్ళ సొంత బస అయిన బోస్‌రైక్‌లోనో, లోన్సె లాండ్‌లోనో ఉండండి. బసలోనే పార్కు ప్రవేశం కలిసి ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం పిల్లల్ని ఇంటికి తెచ్చి పడుకోబెట్టి సాయంత్రం మళ్ళీ పోవచ్చు. 1952లో తెరిచిన ఈ పార్కులో కథల అడవి చిన్నవాళ్ళకు చాలు. అక్కడ చెత్తబుట్టలుగా నోరు తెరుచుకున్న లావుపాటి బొమ్మలు ఉంటాయి, కాగితం ఇక్కడ వెయ్యమని డచ్చిలో పిలుస్తూ ఉంటాయి. నోటి దగ్గర చేయి పెడితే గాలి గుంజి కాగితాన్ని లాగేసుకుంటుంది, తర్వాత థాంక్స్ చెప్తుంది. మా పెద్దోడు దారిలో పడిన కాగితాలన్నీ ఏరుకొచ్చి దాని నోట్లో వేశాడు. పెద్ద ఆటల కోసం వరుసల్లో నిలబెట్టి వాళ్ళను విసిగించొద్దు.

ఖాళీ చేసే రోజు చాలాచోట్ల ఉదయం పదింటికే తాళం ఇవ్వాలి. ముందు రాత్రే పెట్టెలు సర్ది, గిన్నెలు కడిగి, చెత్తను వేరుచేసి పెట్టుకోండి. నీళ్ళ సీసాలు, కూల్‌డ్రింకు డబ్బాలు పారేయకండి. చిన్నవాటికి 15 సెంట్లు, పెద్ద ప్లాస్టిక్ సీసాలకు 25 సెంట్లు కొన్నప్పుడే డిపాజిట్‌గా మన దగ్గర తీసుకుని ఉంటారు. సూపర్‌మార్కెట్‌లోని మిషనులో ఒక్కొక్కటే వేసే పని పిల్లలకు అప్పజెప్పండి, ఇష్టంగా చేస్తారు. చివర్లో మీట నొక్కితే చీటీ వస్తుంది, అది కౌంటరులో ఇస్తే బిల్లులో తగ్గిస్తారు.