విండోస్ ఉంచుకుని పక్కనే లినక్స్ పెట్టే ముందు ఇవి చూసుకోండి

ఫొటోలు, ఫైళ్లు వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశారా? అది అయ్యేదాకా ఇంకేదీ ముట్టుకోవద్దు.

తర్వాత బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం. కొత్త ల్యాప్‌టాప్‌లలో మనం పెట్టకపోయినా చాలాసార్లు ఆన్‌లోనే ఉంటుంది. 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. మా తమ్ముడు రాసుకోలేదు. నీలం తెర మీద కీ అడుగుతుంటే అమీర్‌పేట హాస్టల్ గదిలో రాత్రంతా టెన్షన్‌తో కూర్చున్నాడు.

విండోస్‌ని పూర్తిగా షట్‌డౌన్ కానివ్వని ‘ఫాస్ట్ స్టార్టప్’ సెట్టింగ్ ఆపేయండి. లినక్స్‌కి చోటు కోసం సి డ్రైవ్ సైజుని విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే తగ్గించండి. 50 జీబీ ఖాళీ ఉంటే హాయి. ముందు లినక్స్‌ని ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపి వైఫై, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయో లేదో చూడండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘ఎరేజ్ డిస్క్’ జోలికి పోకండి, విండోస్ మొత్తం పోతుంది. ఈఎఫ్ఐ పార్టిషన్‌ని (విండోస్ మొదలవడానికి కావాల్సిన ఫైళ్లుండే చిన్న భాగం) ఫార్మాట్ చేయొద్దు.

వానాకాలం సాయంత్రాలు కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. బ్యాటరీ నిండాకే మొదలుపెట్టండి, ఛార్జర్ తీయకండి.