నిరూపణ ఎక్కడ తెగింది? లక్షణాన్ని బట్టి కారణం, మరమ్మతు

లెక్కలు చేయడం నుంచి నిరూపణలు రాయడానికి మారిన విద్యార్థులకు ఎదురయ్యే చిక్కులు నిజానికి కొన్నే. అవే మళ్లీ మళ్లీ వస్తాయి. సమితులు, ప్రమేయాలు, గణితానుగమనం మీకు పరిచయమే అనుకుని నేరుగా విషయంలోకి వెళ్తున్నాను.

లక్షణం: ఎంతసేపు కూర్చున్నా మొదటి వాక్యం రాదు

కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే. ప్రశ్నలోని పదాల నిర్వచనాలు కాగితం మీద లేవు. "నిర్వచనం తెలుసు" అంటారు, రాయమంటే సగంలో ఆగిపోతారు.

రెండు అన్వేక ప్రమేయాల సంయుక్త ప్రమేయం కూడా అన్వేకమే అని చూపాలనుకోండి. అన్వేకం అంటే, రెండు మూలకాల ప్రతిబింబాలు సమానమైతే ఆ మూలకాలూ సమానమే. దీన్ని సంయుక్త ప్రమేయానికి పూర్తిగా రాయండి. "ప్రతిబింబాలు సమానం అనుకుందాం" అన్న మొదటి వాక్యం, "కాబట్టి మూలకాలు సమానం" అన్న చివరి వాక్యం రెండూ అందులోనే దొరుకుతాయి. మధ్యలో రెండే అడుగులు: బయటి ప్రమేయం అన్వేకమని ఒకసారి, లోపలిది అన్వేకమని ఒకసారి వాడాలి. ఈ పని చేయకుండా "ఆలోచన తట్టడం లేదు" అని దయచేసి అనకండి. ఇక్కడ తట్టవలసిన ఆలోచనంటూ ఏమీ లేదు.

లక్షణం: చివరి వరుసలో 0 = 0 వచ్చింది, అయినా మార్కులు రాలేదు

నిరూపించవలసిన దానితోనే మొదలుపెట్టారు. −1 = 1 అని మొదలుపెట్టి రెండు వైపులా వర్గం చేసినా 1 = 1 వస్తుంది. చిత్తు కాగితం మీద చివరి నుంచి వెనక్కి రావడం మంచి పద్ధతే, తప్పక వాడండి. కానీ సాఫు ప్రతిలో ఆ వరుసలను తలకిందులుగా తిరగరాయాలి. అలా రాసేటప్పుడు ఏ అడుగు వెనక్కి నడవదో దోషం అక్కడే ఉంది.

లక్షణం: ప్రతి వరుసా నిజమే అనిపిస్తుంది, కానీ చివర తేలినది అబద్ధం

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే. ఎంత పట్టిపట్టి చదివినా కంటికి దొరకదు.

కారణం: మధ్యలో ఎంచుకున్న వస్తువు దేని మీద ఆధారపడిందో మరచిపోవడం. ప్రతి సహజ సంఖ్యకూ దానికంటే పెద్దది ఒకటి ఉంది. అంతమాత్రాన అన్నిటికంటే పెద్దదైన సంఖ్య ఒకటి ఉందని ఎవరూ అనరు. ఇంత విడిగా కనబడితే మోసపోము. నిరూపణ నాలుగు వరుసలు దాటితే మాత్రం ఇదే పొరపాటు గుర్తుపట్టలేని రూపంలో వస్తుంది.

ఈ వాదన చూడండి. అవిచ్ఛిన్న (గీత తెగకుండా సాగే) ప్రమేయాల అనుక్రమం ప్రతి బిందువు వద్ద ఒక అవధికి అభిసరిస్తోంది (కావలసినంత దగ్గరవుతోంది). అవధి ప్రమేయం కూడా అవిచ్ఛిన్నమే అని చూపుతాం. ఒక బిందువును, ఎప్సిలాన్ అనే ఒక చిన్న ధన సంఖ్యను తీసుకుందాం. అక్కడ ఎన్-వ పదానికీ అవధికీ తేడా ఎప్సిలాన్‌లో మూడో వంతు కంటే తక్కువ అయ్యేలా ఎన్‌ను ఎంచుకుందాం. ఎన్-వ పదం అవిచ్ఛిన్నం కాబట్టి డెల్టా అనే తగినంత చిన్న దూరంలోపు ఉన్న దగ్గరి బిందువుకు జరిగినా దాని విలువ మరో మూడో వంతులోపే మారుతుంది. ఆ దగ్గరి బిందువు వద్ద కూడా ఎన్-వ పదానికీ అవధికీ తేడా మూడో వంతులోపే. మూడూ కలిపితే నిరూపణ పూర్తి.

పూర్తి కాలేదు. ఎన్‌ను ఎంచుకున్నది మొదటి బిందువు కోసం. దగ్గరి బిందువుకు అదే ఎన్ సరిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

0 నుంచి 1 వరకు ఎక్స్ యొక్క ఎన్-వ ఘాతాన్ని తీసుకుని అంకెలు వేసి చూడండి. 1 వద్ద అవధి 1, మిగతా అంతటా 0. విలువ పదో వంతు కంటే తక్కువ కావాలంటే ఎక్స్ 0.5 అయినప్పుడు ఎన్ 4 చాలు. 0.9 వద్ద 22 కావాలి, 0.99 వద్ద 230. 1కి దగ్గరయ్యే కొద్దీ ఎన్ హద్దు లేకుండా పెరుగుతుంది.

1821లో ఫ్రెంచ్ గణితవేత్త కోషీ తన పాఠ్యగ్రంథంలో అవిచ్ఛిన్న ప్రమేయాల శ్రేణి మొత్తం గురించి దాదాపు ఇదే మాట చెప్పాడు. 1826లో నార్వే గణితవేత్త ఏబెల్ దానికి మినహాయింపులు ఉన్నాయని ఒక సైన్ శ్రేణితో చూపాడు. అంత గట్టి చేతుల్లోనూ దొరకకుండా పోయిన లోపమిది. మీ కంటికి దొరకలేదని కుంగిపోవద్దు, కానీ కంటిని నమ్ముకోవద్దు.

మరమ్మతు యాంత్రికమైనదే. నిరూపణలో "ఎంచుకుందాం", "ఒకటి ఉంది" వచ్చిన ప్రతిచోటా ఆ వస్తువు పక్కన, అది ఆధారపడినవన్నీ బ్రాకెట్లలో రాయండి: ఎన్ (ఎప్సిలాన్, బిందువు), డెల్టా (ఎప్సిలాన్, బిందువు, ఎన్). తరువాత ఆ వస్తువును వాడిన ప్రతి వరుసలో బ్రాకెట్లలోనివి మారలేదు కదా అని చూడండి. మారితే నిరూపణ తెగినది అక్కడే. అప్పుడు కొత్తగా ఎంచుకోవాలి, లేదా పరికల్పనను బలపరచాలి. పై వాదనలో ఎన్ కేవలం ఎప్సిలాన్ మీదే ఆధారపడితే, అంటే అభిసరణ ఏకరూపమైతే, ఒక్క అక్షరం మార్చకుండా అదే నిరూపణ నిలబడుతుంది.

ఇదే జబ్బు చిన్న రూపంలోనూ వస్తుంది. రెండు బేసి సంఖ్యలను రెండింటినీ 2కె + 1 అని రాస్తే మొత్తం 4కె + 2 వస్తుంది, అది ఎన్నడూ 4తో భాగింపబడదు. కానీ 1 + 3 = 4. ఒక్కో సంఖ్యకు దాని కె వేరు, కాబట్టి పేరూ వేరుగా ఉండాలి.

అరుదైనవి

గణితానుగమనంలో పరికల్పనను ఎక్కడా వాడకపోతే, మీకు అనుగమనమే అవసరం లేదు లేదా ఎక్కడో వరుస తప్పింది. విరోధం ద్వారా రాసిన నిరూపణలో విరోధం చివరి వరుసలోనే వస్తే, ప్రతివర్తితాన్ని ("అ అయితే ఆ"కు బదులు "ఆ కాకపోతే అ కాదు") నేరుగా నిరూపించగలరేమో చూడండి, చాలాసార్లు సగం పొడవు తగ్గుతుంది. ప్రశ్నే తప్పు అనిపిస్తే చిన్న ఉదాహరణలు రెండు మూడు వేసి చూడండి. ప్రశ్న తప్పుగా ఉండటం జరగదని కాదు, పరికల్పనలో ఒక షరతును మీరు చదవకుండా దాటేయడం అంతకంటే చాలా తరచుగా జరుగుతుంది. వరణ స్వీకృతం (ఎన్ని శూన్యేతర సమితులున్నా ఒక్కోదాని నుంచి ఒక్కో మూలకాన్ని ఎంచుకోవచ్చన్న స్వీకృతం) వాడవచ్చా అన్న సందేహం మొదటి రెండేళ్ల అభ్యాసాల్లో పెట్టుకోనక్కరలేదు.