ప్రొపెల్లర్ ఎంపిక, 3వ పాఠం: బోల్టులు కుదిరితే చాలదు

కిందటి పాఠంలో విమానం ప్రొపెల్లర్ రెక్క అంచు మీద దెబ్బలు చూశాం. ఎంతవరకు ఫైలుతో సరిచేయొచ్చు, ఎక్కడ ఆగిపోవాలి అన్నది తేల్చుకున్నాం. మీ ప్రొపెల్లర్ ఇక పనికిరాదని తేలిందనుకోండి. దాని స్థానంలో ఏది తేవాలి?

ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులో ఏరియేటర్ చక్రం విరిగితే షాఫ్టు సైజు చెప్పి, దొరికిన కంపెనీది తెచ్చి బిగిస్తారు. నీళ్లు చిమ్మితే పని అయినట్టే. సర్టిఫైడ్ విమానంలో, అంటే ప్రభుత్వ సంస్థ డిజైన్‌ను ఆమోదించిన విమానంలో, ఈ లెక్క కుదరదు. ఇక్కడ "ఇది పడుతుందా?" అనేది ఆఖరున అడిగే ప్రశ్న. "ఈ విమానానికి ఏది రాసి ఉంది?" అనేది మొదటిది. అందుకే షాపుకు ఫోన్ చేసేముందు కాగితం తెరవాలి.

ఆ కాగితం పేరు టైప్ సర్టిఫికెట్ డేటా షీట్, పొట్టిగా టీసీడీఎస్. సెస్నా 172 కుటుంబంలో చాలా మోడళ్లకు అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చిన షీట్ నంబరు 3ఏ12. ఉచితంగా దొరుకుతుంది, డౌన్‌లోడ్ చేసి పక్కన పెట్టుకోండి. మన నెల్లూరు జిల్లా దగదర్తి ఎయిర్‌పోర్టు మాట ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. అది వచ్చేదాకా ఆగకుండా కావలిలోనో కందుకూరులోనో ఇంట్లో కూర్చుని నేర్చుకోగలిగిన పని ఇది.

షీట్‌లో ఒక్కో మోడల్‌కు ఒక్కో విభాగం ఉంటుంది. 172ఎన్ దగ్గరికి వెళ్లండి. ఇంజిన్ లైకమింగ్ ఓ-320-హెచ్2ఏడీ, 2700 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర 160 హార్స్‌పవర్. ప్రొపెల్లర్ మెకాలీ 1సీ160/డీటీఎం7557. వ్యాసం 75 అంగుళాలకు మించకూడదు, 74కు తగ్గకూడదు. నేల మీద నిలబెట్టి ఫుల్ థ్రాటిల్ ఇస్తే ఆర్‌పీఎం 2280, 2400 మధ్య ఉండాలి; దీన్నే స్టాటిక్ ఆర్‌పీఎం అంటారు.

మోడల్ నంబరులో చివరి నాలుగు అంకెలను రెండుగా విడగొట్టండి. 75 అంటే వ్యాసం అంగుళాల్లో. 57 అంటే పిచ్, అంటే గాలి గట్టి పదార్థమైతే ఒక్క చుట్టుకు ప్రొపెల్లర్ ముందుకు జరిగే దూరం, ఇదీ అంగుళాల్లోనే. 57 అంగుళాలు దాదాపు 1.45 మీటర్లు. నిమిషానికి 2700 చుట్లు వేస్తే గంటకు సుమారు 234 కిలోమీటర్లు. నిజానికి గాలి జారుతుంది కాబట్టి విమానం అంత వేగం పోదు. రెండు ప్రొపెల్లర్లను పక్కపక్కన పెట్టి పోల్చడానికి మాత్రం ఈ లెక్క బాగా పనికొస్తుంది.

ఇప్పుడు అసలు పాఠం. 172ఆర్, 172ఎస్ విభాగాలు రెండూ తెరవండి. రెండింటిలోనూ ఇంజిన్ ఒకటే: లైకమింగ్ ఐఓ-360-ఎల్2ఏ. అయినా ఆర్‌లో అది 2400 ఆర్‌పీఎం దగ్గర 160 హార్స్‌పవర్, ఎస్‌లో 2700 దగ్గర 180. ఆర్‌కు మెకాలీ 1సీ235/ఎల్ఎఫ్ఏ7570. ఎస్‌కు 1ఏ170ఈ/జేహెచ్ఏ7660. పిచ్ చూడండి: ఆర్‌కు 70, ఎస్‌కు 60. ఆర్ ప్రొపెల్లర్ ఒక్కో చుట్టుకు ఎక్కువ గాలిని నెట్టాలి కాబట్టి ఇంజిన్‌ను తిరగనివ్వకుండా అదిమి పడుతుంది. స్టాటిక్ ఆర్‌పీఎం అక్కడ 2065 నుంచి 2165. ఎస్‌లో 2300 నుంచి 2400.

మీ ఫ్లయింగ్ క్లబ్బులో 172ఆర్ ఉంది, ఎవరో 172ఎస్ ప్రొపెల్లర్ చవగ్గా ఇస్తానన్నారు. ఇంజిన్ ఒకటే కదా అని బిగించేశారనుకోండి. గాల్లోకి వెళ్లి థ్రాటిల్ తెరవగానే సూది 2400 ఎర్రగీత దాటిపోతుంది. విమానం ఇంకా బాగా ఎక్కుతుంది కూడా, పైలట్ సంతోషపడతాడు. కానీ బిగించిన క్షణం నుంచే ఆ విమానానికి ఎయిర్‌వర్తీనెస్, అంటే ఎగిరే అర్హత, లేదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది ఇదే.

తమాషా ఏమిటంటే, ఇదే మార్పు చట్టబద్ధంగా చేసుకునే దారి సెస్నాయే ఇచ్చింది, ఎంకే172-72-01 అనే కిట్ రూపంలో. ప్రొపెల్లర్ అదే. దాంతోపాటు టాకోమీటర్ (ఆర్‌పీఎం చూపే మీటర్) గీతలు మారతాయి, హ్యాండ్‌బుక్‌లో పేజీలు మారతాయి. లోహం ఒకటే అయినా కాగితం లేని చోట తప్పు, ఉన్న చోట ఒప్పు. ఇది ఒట్టి ఆఫీసు తంతు అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పైలట్ చూసే గీత, ఇంజిన్ తట్టుకునే హద్దు, ప్రొపెల్లర్ లాగే బరువు, ఈ మూడూ ఒకే మాట చెప్పేలా చేసేది ఆ కాగితమే.

వ్యాసానికి కింది హద్దు ఎందుకన్నది చాలామందికి పట్టదు. పై హద్దు సులువే: రెక్క నేలకు తగలకూడదు, కొన మరీ వేగంగా తిరగకూడదు. 75 అంగుళాల ప్రొపెల్లర్ 2700 దగ్గర తిరిగితే కొన వేగం సెకనుకు దాదాపు 270 మీటర్లు. కింది హద్దుకు కారణం కంపనం. సిలిండర్లో జరిగే ప్రతి పేలుడూ క్రాంక్‌షాఫ్ట్ ద్వారా రెక్కను కుదుపుతుంది. అల్యూమినియం రెక్కకు దాని సొంత కంపనం ఉంటుంది. కొన తెగ్గోస్తే అది మారిపోతుంది. రెండూ ఒక ఆర్‌పీఎం దగ్గర కలిశాయంటే లోహం అలసిపోతుంది, పైకి ఏమీ కనపడదు. అందుకే అనుమతి ప్రొపెల్లర్‌కు విడిగా ఇచ్చి ఊరుకోరు. ఈ ఇంజిన్ మీద, ఈ విమానానికి, ఈ వ్యాసంతో అని కలిపి ఇస్తారు.

షీట్‌లో లేని ప్రొపెల్లర్ కావాలంటే సప్లిమెంటల్ టైప్ సర్టిఫికెట్ (పొట్టిగా ఎస్‌టీసీ), అంటే ఆమోదించిన డిజైన్‌లో మార్పుకు విడిగా ఇచ్చే ఆమోదం ఉండాలి. అందులో మీ మోడల్, మీ ఇంజిన్ రెండూ ఉన్నాయా చూడండి. "172లన్నింటికీ పనికొస్తుంది" అనే అమ్మకందారు మాట వినకండి. ఎస్‌టీసీ సొంతదారు నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. వీటీ (భారత) రిజిస్ట్రేషన్ ఉన్న విమానమైతే అమెరికా ఎస్‌టీసీ ఒక్కటే చాలదు, మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం కూడా కావాలి. ఇంతకుముందే ఇంజిన్ మార్చిన విమానమైతే ఆ మార్పుకూ ఈ మార్పుకూ పొసగుతుందో లేదో విడిగా తేల్చుకోవాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కొత్తది తేలికైతే ముక్కు చివర బరువు తగ్గి సీజీ (విమానం బరువు కేంద్రం) వెనక్కి జరుగుతుంది, వెయిట్ అండ్ బ్యాలెన్స్ మళ్లీ లెక్కకట్టాలి. ఇక "ఎక్స్‌పెరిమెంటల్‌కు మాత్రమే", అంటే సర్టిఫైడ్ కాని విమానాలకు మాత్రమే, అని రాసి ఉంటే, ధర ఎంత ఊరించినా అక్కడితో వదిలేయండి.

వస్తువు చేతికొచ్చాక స్పిన్నర్ (ముక్కు మీది టోపీ) కింద హబ్ (ప్రొపెల్లర్ నడిమి భాగం) మీద కొట్టిన అక్షరాలు చదవండి. పెయింట్ మూసేస్తే టార్చ్ ఏటవాలుగా పట్టుకుంటే కనిపిస్తాయి. మోడల్, సీరియల్ నంబర్లు దాంతో వచ్చే ధ్రువపత్రం, అంటే డీజీసీఏ పద్ధతి సీఏ ఫామ్ 1 మీదో, ఎఫ్ఏఏ 8130-3 మీదో ఉన్నవాటితో అక్షరం అక్షరం కలవాలి.

బిగించాక స్టాటిక్ పరీక్ష. మన తీరంలో మధ్యాహ్నమయ్యేసరికి సముద్రపు గాలి లేస్తుంది. ఎదురుగాలిలో ఆర్‌పీఎం ఎక్కువ చూపిస్తుంది కాబట్టి తెల్లవారే, గాలి ఆడనప్పుడు చేయండి. అంకె హద్దు దాటితే కంగారుపడి ప్రొపెల్లర్‌ను తప్పుబట్టకండి, ముందు ఆప్టికల్ టాకోమీటర్‌తో విమానంలోని మీటర్‌ను సరిచూడండి. మీటర్ సరిగానే ఉండి అంకె కింది హద్దుకు తగ్గితే ఇంజిన్ బలహీనపడిందేమో చూడాలి.

హోంవర్క్: మీ విమానం 172ఎన్. ఒకరు 1సీ160/డీటీఎం7557 అమ్ముతున్నారు. ఓవర్‌హాల్ అయింది, సీఏ ఫామ్ 1 ఉంది, నంబర్లన్నీ కలిశాయి. టేపుతో కొలిస్తే వ్యాసం 73.5 అంగుళాలు. ఫామ్ నిజమైనదే. కొనాలా, వద్దా? షీట్‌లో ఏ వాక్యం చూసి ఆ మాట చెబుతున్నారో కూడా రాయండి. జవాబు 4వ పాఠం మొదట్లో ఇస్తాను, ఆ తర్వాత బోల్టుల టార్క్, రెక్కల ట్రాక్ మొదలుపెడదాం.